వినుటలో ఫెయిలైన తండ్రి

పిల్లల ఒత్తిడికి కారణం కళాశాల కాదని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మెదడు డాక్టరుగారు ప్రసంగం ముగించి, కప్పిన శాలువా మడిచి చంకన పెట్టుకుని కారెక్కేలోపే తేలిపోయింది.

విజయవాడ శివార్లలో ఉన్న మేధామథనం రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో ఆ రోజు తల్లిదండ్రుల సమావేశం. మంగళగిరిలో పిండిమర నడుపుకునే పానకాలు మూడో వరుసలో కూర్చున్నాడు. ఆయన కూతురు లాస్య అక్కడే ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది. పానకాలు పదో తరగతి దాకా చదివాడు. కానీ డాక్టరుగారు చెప్పింది ఆయనకు సుబ్బరంగా అర్థమైంది.

"పదహారేళ్ళ పిల్లల మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. ఆగి, ఆలోచించి, మంచీచెడ్డా తూచుకునే ముందుభాగం అన్నిటికన్నా ఆఖరున పూర్తవుతుంది. భయపడే భాగం మాత్రం అప్పటికే మహా చురుగ్గా ఉంటుంది. రోజూ అదేపనిగా భయపెడితే చదివింది నిలవదు, నిద్ర పట్టదు, చిన్న మాటకే కళ్ళ నీళ్ళొస్తాయి. అది బద్ధకం కాదు, పొగరూ కాదు. కంటినిండా నిద్ర, కాస్త ఆట, వేళకి తిండి, ఏం చెప్పినా కోప్పడకుండా వినే పెద్దమనిషి ఒకరు. మందులకన్నా ముందు ఇవి కావాలి" అన్నారు డాక్టరుగారు.

పానకాలుకు తన మర గుర్తొచ్చింది. తొట్టిలోకి ధాన్యం ఒక్కసారే గుమ్మరిస్తే బెల్టు జారిపోతుంది, మోటారు మూలుగుతుంది. కొంచెం కొంచెం వదలాలి. మరకే అంత మర్యాద కావాలంటే మెదడుకి వద్దా అనుకున్నాడు.

వందన సమర్పణకు డీన్ చక్రధర్ గారు లేచారు. ఆయన ఏ విషయాన్నయినా విభాగాలుగా విడగొట్టి మాట్లాడతారు.

"డాక్టరుగారి అమూల్య సూచనలను యాజమాన్యం చాలా సీరియస్‌గా తీసుకుంటోంది. ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. నిద్ర అన్నారు. అది టైంటేబుల్ కమిటీ పరిధిలోని అంశం. టైంటేబుల్ ఇప్పటికే అచ్చయిపోయింది. ఆట అన్నారు. అది మైదానం పరిధిలోని అంశం. మైదానంలో కొత్త బ్లాకు లేచిన సంగతి మీకు తెలుసు. తిండి అన్నారు. అది మెస్సు కాంట్రాక్టరు పరిధిలోని అంశం. ఇక మిగిలిందేమిటి? వినే పెద్దమనిషి! ఎవరాయన? తల్లి, లేదా తండ్రి! అంటే లోపం ఎక్కడుంది? క్లాసురూములో లేదు, హాస్టల్లో లేదు. ఆదివారం ఆదివారం సందర్శకుల గదిలో ఉంది!"

హాలు చప్పట్లతో మారుమోగింది. కొట్టింది తల్లిదండ్రులే. పానకాలు కూడా కొట్టాడు. అందరూ కొడుతుంటే తానొక్కడూ చేతులు ముడుచుకుంటే బాగుండదని.

ఆ వారం మధ్యలో హాస్టల్ ఫోను నుంచి లాస్య మాట్లాడింది. ఆ ఫోను రెండు నిమిషాలకు దానంతటదే కట్టయిపోతుంది.

"నాన్నా, ఆదివారం వస్తావు కదూ?"

"రాకేం అమ్మడూ. ఏం తెమ్మంటావు?"

"ఏమొద్దు. నీతో ఒకటి చెప్పాలి. ఫోన్లో కాదు."

"ఏందమ్మా? ఒంట్లో బాగుందా?"

రెండు నిమిషాలైనట్టుంది, ఫోను దానంతటదే కట్టయిపోయింది.

ఆదివారం తెల్లవారకముందే పానకాలు కొండెక్కాడు. ఆయన పేరే కొండమీది స్వామిది. ఆ స్వామికి బెల్లం పానకం పోయడం ఊళ్ళో తరతరాల మొక్కు. బిందెడు పోసినా చెంబెడు పోసినా స్వామి సగమే పుచ్చుకుంటాడనీ, మిగతా సగం ప్రసాదంగా వెనక్కి ఇస్తాడనీ నమ్మకం. చిన్నప్పుడు పానకాలు వాళ్ళ నాయనమ్మని అడిగేవాడు, "దేవుడు కదా, అంతా తాగొచ్చుగా?" అని. "చాలు అనడం తెలిసినవాడు కనకే దేవుడయ్యాడు, నోర్మూసుకుని దణ్ణం పెట్టు" అనేది ఆవిడ.

ప్రసాదం పానకం చిన్న సీసాలో పోసుకున్నాడు. భార్య సామ్రాజ్యం కట్టిచ్చిన క్యారియరులో దోసకాయ పప్పు, వడియాలు, గడ్డపెరుగు. అవి పట్టుకుని కళాశాల గేటు దగ్గర దిగేసరికి అక్కడ జనం గుంపుగా నిలబడి ఉన్నారు.

"సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు వాచ్‌మన్.

"ఏం సర్టిఫికెట్టయ్యా? నేను లాస్య వాళ్ళ నాన్నని."

"తండ్రైతే చాలదండీ. పాసైన తండ్రి కావాలి. కొత్త రూలు. ఒత్తిడి లేకుండా మాట్లాడటంలో కోర్సు చెయ్యాలి, పరీక్ష రాయాలి, పాసైతే లోపలికి. క్యారియరు ఇవ్వండి, పంపిస్తా. క్యారియరుకి పరీక్ష లేదు."

పానకాలు తలెత్తి చూశాడు. రెండో అంతస్తు కటకటాల వెనక లాస్య నిలబడి ఉంది. చెయ్యి ఊపింది. ఆయన సీసా పైకెత్తి చూపించాడు. ఆ పిల్ల నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మొహం పీక్కుపోయి ఉంది. వెనక నుంచి ఎవరో పిలిచినట్టున్నారు, ఉలిక్కిపడి మాయమైంది.

ఆ ఉలికిపాటు చూశాక పానకాలు ఇంకేమీ ఆలోచించలేదు. కోర్సులో చేరిపోయాడు.

*

చేరేముందు ప్రవేశపరీక్ష పెట్టారు. దానిని బట్టి తల్లిదండ్రులను సెక్షన్లుగా విడదీశారు. మంచి మార్కులొచ్చినవాళ్ళు ధ్రువ సెక్షన్. వాళ్ళకి ఏసీ గది. పానకాలు అన్నిటికన్నా చివరి సెక్షన్లో పడ్డాడు. దాని పేరు వికాసం. వికాసం లేనివాళ్ళని అందులో వేస్తారు.

పక్క బల్ల మీద నాగుల్ మీరా కూర్చున్నాడు. ఆయనది గుంటూరు, లారీ డ్రైవరు. కొడుకు ఆసిఫ్ ఇక్కడే చదువుతున్నాడు.

"అన్నా, నేను కాశ్మీరు దాకా లారీ తోలా. ఏ చెక్‌పోస్టు కాడా ఇట్టా ఆపలా. నా కొడుకుతో మాట్టాడేదానికి నాకు లైసెన్సంట!" అన్నాడు.

పాఠం చెప్పడానికి భౌతికశాస్త్రం లెక్చరరు వీరభద్రం మాస్టారు వచ్చారు. ఆయన కళ్ళకింద నల్లటి చారలు. పొద్దుటినుంచీ పిల్లలకు చెప్పి, సాయంత్రం పెద్దలకు చెప్పాలి.

"మొదటి చాప్టరు, వినుట. రాసుకోండి. వినుట అనగా బిడ్డ మాటలను చెవులతో స్వీకరించుట. ఇది ప్రతిసారీ అడుగుతారు. ఇంకో చిట్కా. ఆబ్జెక్టివ్ పేపర్లో 'దగ్గరకు తీసుకోవాలి' అన్న ఆప్షన్ ఉంటే, ప్రశ్న చదవక్కర్లేదు, టిక్ పెట్టేయండి. తప్పు పెడితే మైనస్ ఉంది."

నాగుల్ మీరా చెయ్యెత్తాడు. "సార్, పిల్లోడు అబద్ధం చెప్తన్నాడని మనకి తెలిసిపోయిందనుకోండి..."

"మధ్యలో మాట్లాడకూడదు! మనం చదువుతున్నది వినుట."

"అడక్కపోతే మాకెట్టా తెలుస్తది సార్?"

"డౌట్లు క్లియర్ చేసుకునే గంట వేరే ఉంది. ఆ గంట ఇంకా టైంటేబుల్లో ఎక్కలేదు."

ప్రతి పాఠం చివరా అందరూ లేచి ప్రతిజ్ఞ చేయాలి. "మేము మా బిడ్డలతో నెమ్మదిగా మాట్లాడెదము."

"వినపడటం లేదు!" అని డీన్ గారు గుమ్మంలోంచి కేకవేసేవారు. "గట్టిగా!"

"మేము మా బిడ్డలతో నెమ్మదిగా మాట్లాడెదము!" అని వందమంది గొంతులు చించుకునేవారు. పై అంతస్తులో చదువుకునే పిల్లలు ఉలిక్కిపడి కిటికీలు వేసుకునేవారు.

మొదటి పరీక్షలో వికాసం సెక్షన్ మొత్తం ఫెయిలైంది. పానకాలుకు ఒక ప్రశ్న జ్ఞాపకం. 'మీ బిడ్డ దిగులుగా ఉన్నాడు. మీరు ఏమి చేస్తారు?' నాలుగు జవాబుల్లో 'అన్నం పెడతాను' అన్నది లేదు. అందుకని నాలుగూ వదిలేశాడు.

ఫలితాల మీద డీన్ గారు సమీక్షా సమావేశం పెట్టారు.

"ఈ ఫలితాలు యాజమాన్యాన్ని తీవ్రంగా కలచివేశాయి. కారణం అన్వేషించాం. మీకు ఇళ్ళ దగ్గర చదువుకునే వాతావరణం లేదు. టీవీ ఉంది, వ్యాపారం ఉంది, చుట్టాలున్నారు. అన్నిటికీ మించి భార్యాపిల్లలున్నారు. కుటుంబ అనుబంధాల మీద ఏకాగ్రత కుదరాలంటే ముందు కుటుంబానికి దూరంగా ఉండాలి. కాబట్టి కొత్త బ్లాకులో తల్లిదండ్రులకు హాస్టల్ ప్రారంభిస్తున్నాం!"

ఈసారి చప్పట్లు కొంచెం పలచగా పడ్డాయి. నాగుల్ మీరా లేచి, "సార్, నా లారీ?" అన్నాడు.

"మీ లక్ష్యం లారీయా, కుమారుడా? ఈ ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకోండి" అన్నారు డీన్ గారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల తండ్రి ఎవరు? నాగుల్ మీరా కూర్చున్నాడు. పానకాలు ఇంటికెళ్ళి మర తాళాలు సామ్రాజ్యం చేతికిచ్చాడు.

"పిల్లని చదివించమంటే నువ్వే చదువుకి పోతన్నావా?" అందామె.

"అమ్మడు ఏదో చెప్పాలందే. వినాలిగా."

"వినడానికి హాస్టల్ దేనికయ్యా?" అని అడిగి, ఆయన మొహం చూసి దుప్పటీ, చెంబూ సర్దింది.

*

తల్లిదండ్రుల హాస్టల్లో చీకటుండగానే గంట కొట్టేవారు. దేవుడికి దీపం పెట్టుకోవడానికి వీల్లేదు, అగ్నిమాపక నిబంధన. సెల్‌ఫోన్లు తీసేసుకున్నారు. ఇనప మంచాలు ఒకదాని మీద ఒకటి. సాంబారులో ములక్కాడ ఒక్కటి ఎవరికి వస్తే వాళ్ళు ఆ పూట అదృష్టవంతులు. గంటకో పాఠం, సాయంత్రం పరీక్ష, భోజనాల వేళకి మార్కులు. మార్కులు గోడమీద అంటించడంతో ఊరుకోకుండా పిల్లలకు కూడా చదివి వినిపించేవారు. తల్లిదండ్రుల పురోగతి తెలుసుకునే హక్కు పిల్లలకు ఉందని డీన్ గారి అభిప్రాయం.

పాసయ్యేదాకా తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి వెళ్ళకూడదు గానీ, పిల్లలు తల్లిదండ్రులను చూడ్డానికి రావచ్చట. ఆదివారం వచ్చారు. ధ్రువ సెక్షన్ వాళ్ళకి గంట, మధ్య సెక్షన్లకి పావుగంట. వికాసం సెక్షన్‌కి సందర్శన రద్దు, ఆ టైములో వాళ్ళు రివిజన్ చేసుకోవాలి. అందుకని లాస్య రాలేదు. రోజురోజుకీ మార్కులు పెరిగి ఎలాగో మధ్య సెక్షన్‌కి ఎగబాకిన నాగుల్ మీరా దగ్గరికి ఆసిఫ్ వచ్చాడు. మెస్సు నుంచి ఒక గిన్నెలో పులిహోర తెచ్చాడు. పానకాలు తలుపు సందులోంచి చూశాడు.

"ఏంది అబ్బా ఈ మార్కులు?" అన్నాడు ఆసిఫ్.

"చదవతన్నా రా."

"ఏం చదవతన్నావు? మా రూమ్మేట్ వాళ్ళ నాన్నకి నీకు డబుల్ వచ్చాయి. ఆయనా లారీలున్నోడేగా?"

"ఆయన లారీలకి ఓనరు రా. నేను డ్రైవర్ని."

"సాకులు చెప్పబాక. అందరి ముందూ నీ మార్కులు చదివితే నాకెట్టా ఉంటదో ఆలోచించావా?"

ఆ మాటలు ఎక్కడో విన్నట్టు ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఆసిఫ్ తల దించుకున్నాడు. "పులిహోర తిను అబ్బా" అన్నాడు. నాగుల్ మీరా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అలాంటివి చాలా జరిగినట్టున్నాయి. ఒక తండ్రికి గుండె దడ వచ్చింది, ఒక తల్లి స్పృహ తప్పింది. డీన్ గారు వెంటనే చర్య తీసుకున్నారు. పిల్లలు అడిగే ప్రశ్నలవల్ల తల్లిదండ్రులకు ఒత్తిడి కలుగుతోంది కాబట్టి, ఇకమీదట పిల్లలు కూడా పరీక్ష పాసైతేనే తల్లిదండ్రులను కలవాలి.

దాంతో ఎవరూ ఎవరినీ కలిసే అవసరం లేకపోయింది. సందర్శకుల గదికి తాళం వేసి, తలుపు మీద 'ఒత్తిడి రహిత ప్రాంతం' అని బోర్డు పెట్టి, దానికి పూలదండ వేశారు. ఆ వారం ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని డీన్ గారు మైకులో ప్రకటించారు.

పానకాలుకు మాత్రం ఏదో అవుతోంది. నిద్ర పట్టడం మానేసింది. పట్టినా గంట మోగినట్టు కలొచ్చి లేచి కూర్చునేవాడు. ఒక ఉదయం స్నానం చేసి, నాయనమ్మ నేర్పిన స్వామి దండకం మొదలుపెట్టాడు. బుద్ధెరిగిన నాటి నుంచీ తప్పకుండా చదువుతున్నది. రెండు మాటలు పలికాక మూడో మాట రాలేదు. మళ్ళీ మొదటికి వచ్చాడు. మళ్ళీ అక్కడే ఆగింది. తడిబట్టతో అలాగే నిలబడిపోయాడు.

ఆయనది నలభై ఆరేళ్ళ మెదడు. డాక్టరుగారి లెక్కన ముందుభాగం, వెనకభాగం అన్నీ ఎప్పుడో పూర్తయినవే. పెళ్ళి చూసింది, తండ్రి చావు చూసింది, కరెంటు కోతలు, కరోనా చూసింది. అలాంటిది నెల తిరక్కుండానే నోటికొచ్చిన దండకాన్ని పారేసుకుంది. మరి అమ్మడిది ఇంకా పచ్చి మెదడు. రెండేళ్ళ నుంచీ ఇక్కడుంది.

ఆ వారం ఇంటికి రెండు నిమిషాలు ఫోను దొరికింది.

"ఏమయ్యా, గొంతేంది అట్టా ఉంది?" అంది సామ్రాజ్యం.

"ఎట్టా ఉంది?"

"అమ్మాయి గొంతులాగా ఉంది" అందామె. ఫోను దానంతటదే కట్టయిపోయింది.

*

చివరికి ప్రాక్టికల్స్ వచ్చాయి. వినుట మీద ప్రాక్టికల్ అంటే, ఒక పిల్లనో పిల్లవాడినో ఎదురుగా కూర్చోబెడతారు. వాళ్ళు తమ బాధ చెబుతారు. తల్లి గానీ తండ్రి గానీ నాలుగు నిమిషాలు వినాలి. కళ్ళలోకి చూచుటకు కొన్ని మార్కులు, తల ఊపుటకు కొన్ని, 'నీ భావాలను నేను అర్థం చేసుకోగలను' అనుటకు కొన్ని. ప్రశ్న అడిగితే మైనస్. గంట కొట్టాక వింటే ఆ పేపరు చెల్లదు.

ఇందుకు నమూనా పిల్లలు కావాలి. మంచి ర్యాంకులొచ్చే పిల్లల సమయం విలువైంది కనుక, చివరి సెక్షన్ పిల్లలను తీసుకున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో బాధ బట్టీ పట్టించారు. సొంత పిల్లలు సొంత తల్లిదండ్రులకు పడకూడదని గట్టి నియమం ఉంది. అయితే పిల్లలకు నంబర్లు వేసింది ఒక కమిటీ, పెద్దలకు నంబర్లు వేసింది ఇంకో కమిటీ. ఆ రెండు కమిటీలకూ మాటల్లేవు.

పానకాలు గదిలోకి అడుగుపెట్టేసరికి ఎదురు కుర్చీలో లాస్య ఉంది.

తండ్రిని చూడగానే ఆ పిల్ల లేవబోయింది. "కూర్చోవాలి! నమూనా లేవకూడదు" అన్నారు వీరభద్రం మాస్టారు, స్టాప్‌వాచీ సరిచేసుకుంటూ. పొద్దుటినుంచీ మొహాలు చూడటం మానేసి నంబర్లే చూస్తున్నారాయన. "స్టార్ట్."

లాస్య కళ్ళు నేలకేసి దించి అప్పజెప్పింది. "నాన్నగారూ, నాకు రసాయన శాస్త్రమనిన భయముగా ఉన్నది. సమీకరణములు తూకము వేయుట నాకు కష్టముగా ఉన్నది. కావున నేను విచారముగా..."

అక్కడ ఆగింది. పానకాలుకు ఆ ఆగడం తెలుసు. దండకంలో మూడో మాట దగ్గర తానూ అలాగే ఆగాడు.

"మర్చిపోయావా అమ్మడూ?" అన్నాడు.

"ప్రశ్న! మైనస్" అన్నారు మాస్టారు, తలెత్తకుండా.

"మర్చిపోయా నాన్నా" అంది లాస్య. "అన్నీ మర్చిపోతున్నా. నాకు నిద్ర రావట్లా. చదివేటప్పుడు వచ్చినట్టే ఉంటది, పేపరు ముందు పెట్టగానే తెల్లగా అయిపోతది. మొన్న హాల్‌టికెట్ నంబరు వెయ్యమంటే నా పేరు రాశా, పేరు వెయ్యమంటే చెయ్యి ఆగిపోయింది. అందరూ బద్ధకం అంటున్నారు. నాకేదో అయిందేమోనని భయంగా ఉంది. నువ్వు మర మీద పగలూ రాత్రీ పనిచేసి ఫీజు కడుతున్నావని చెప్పలేకపోయా. నన్ను ఇంటికి తీసుకుపో నాన్నా. చదువు మానను. అమ్మ పక్కన పడుకుని చదువుకుంటా. ఇక్కడ మాత్రం..."

వెక్కిళ్ళు పెట్టింది. పానకాలుకు నేర్చుకున్నవన్నీ గుర్తు తెచ్చుకోవాలనిపించింది. కళ్ళలోకి చూడాలా ముందు, తల ఊపాలా? అర్థం చేసుకోగలను అనాలా, అర్థం చేసుకున్నాను అనాలా? ఒక్కటీ రాలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. చల్లగా ఉన్నాయి.

"పొద్దున ఏమన్నా తిన్నావా?" అన్నాడు.

"ఊహూ."

"నేను కూడా దండకం మర్చిపోయానమ్మా" అన్నాడు.

లాస్య తలెత్తి చూసింది. "నీకా? స్వామి దండకమా?"

"ఊ. మూడో మాట కాడ."

ఆ పిల్ల ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. గంట మోగింది.

"టైమైపోయింది. తర్వాతివారు" అన్నారు మాస్టారు.

పానకాలు లేవలేదు. "ఇంకా అయిపోలేదండీ. అమ్మాయి చెప్తోంది."

"గంట కొట్టాక వింటే చెల్లదండీ. ఫెయిలవుతారు."

"అవుతానండీ" అన్నాడు పానకాలు. కూతురి వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

మాస్టారు అప్పుడు తలెత్తి ఇద్దరి మొహాలూ చూశారు. పోలిక తెలుస్తూనే ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డ తర్వాతి తండ్రిని కాసేపు ఆగమని చేత్తో సైగ చేశారు. "మావాడూ ఇంటరేనండీ. చూసి చాలా రోజులైంది" అన్నారు ఎవరితోనో అన్నట్టు. చేతిలో స్టాప్‌వాచీ తిరుగుతూనే ఉంది. ఆపడం మర్చిపోయారు.

*

డీన్ గారి గదిలో తండ్రీకూతుళ్ళను నిలబెట్టారు.

"పానకాలు గారూ, మీరు ఫెయిలవడం ఒక ఎత్తు, పరీక్ష గదిలో పాతుకుపోవడం ఒక ఎత్తు. నాలుగు నిమిషాల్లో చెప్పలేనిది బాధ కిందకి రాదు. అది సిలబస్‌లో లేదు."

"నిజమేనండీ. పాప రెండేళ్ళ నుంచీ పోగేసుకుంది. నాలుగు నిమిషాల్లో దిగదు" అన్నాడు పానకాలు.

"వినుటలో మీకు వచ్చిన మార్కులు తెలుసా? సున్నాకి కింద. ఇలాంటి ఫలితం మా సంస్థ చరిత్రలో లేదు. ఫెయిలైన తల్లిదండ్రుల పిల్లలను ఉంచుకుంటే మా ప్రశాంతతా సూచిక పడిపోతుంది. యాజమాన్యం ఈ విషయంలో కఠినంగా ఉంది. సప్లిమెంటరీ రాస్తారా, లేక అమ్మాయిని తీసుకెళతారా?"

"తీసుకెళతానండీ."

డీన్ గారు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించారు. సాధారణంగా ఈ మాటకు తల్లిదండ్రులు కాళ్ళావేళ్ళా పడతారు.

"ఆమె భవిష్యత్తు ఏమవుతుందో ఆలోచించుకున్నారా?"

"మా ఊళ్ళో ప్రభుత్వ కాలేజీ ఉందండీ. ఇంటికి దగ్గర. ముందు కొన్నాళ్ళు కడుపునిండా తిని పడుకుంటుంది. ఆ మెదడు డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్ళి చూపిస్తా. తర్వాత చదువుతుంది" అన్నాడు పానకాలు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఆయనకు ఒక సందేహం మిగిలింది. "అయ్యా, నేను పెద్దగా చదువుకోలేదు. ఒక్క మాట అడుగుతా. ఇన్నాళ్ళూ మాకు వినడం నేర్పారు కదా. ఈ పిల్ల ఇక్కడే, మీ గోడల మధ్యే ఉంది. మీలో ఎవరన్నా ఒక్కసారి విన్నారా అండీ?"

డీన్ గారు ఆ ప్రశ్నను పరిశీలించారు. "అది ఏ విభాగం పరిధిలోకి వస్తుందో కనుక్కోవాలి" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే కనుక్కోవాలనుకున్నారు.

గేటు దగ్గర నాగుల్ మీరా ఎదురొచ్చాడు. చేతిలో పాసైన సర్టిఫికెట్ ఉంది. కొడుకు ఇంకా పాసవలేదు కాబట్టి కలవనివ్వలేదట.

"ఫెయిలయ్యావంట గదన్నా?"

"అయ్యా తమ్ముడూ."

"పిల్ల దొరికింది నీకు" అన్నాడు నాగుల్ మీరా. సర్టిఫికెట్ వంకా లాస్య వంకా మార్చిమార్చి చూశాడు. చూసి, గిరుక్కున తిరిగి డీన్ గారి గది వైపు నడిచాడు. "ఇది వాపసు తీసుకోమని అడుగుతా" అంటున్నాడు.

బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కారు. కిటికీ పక్కన పానకాలు, ఇవతల లాస్య, కాళ్ళ దగ్గర ఇనప పెట్టె. లాస్య కాసేపు మాట్లాడింది. వారధి ఎక్కి కృష్ణమీద గాలి తగలగానే మాట మధ్యలో ఆపేసి తండ్రి కుడి భుజం మీదికి తల వాల్చింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు నిద్రపోయినట్టే నిద్రపోయింది. బస్సు గుంతలో పడి ఎగిరినా, వెనక సీటు పసివాడు కీచుమన్నా కదల్లేదు.

కండక్టరు వచ్చాడు. "ఎక్కడికి?"

"మంగళగిరి, రెండు" అనబోయి పానకాలు కూతురి వంక చూశాడు. మంగళగిరి అంటే ఎంతసేపు? ఈలోపే లేపాల్సొస్తుంది. "గుంటూరు రెండివ్వు బాబూ" అన్నాడు మెల్లగా.

"గుంటూర్లో ఎక్కడ దిగుతారు?"

"దిగమయ్యా. మళ్ళీ ఇదే బస్సులో వెనక్కొస్తాం. పిల్ల పడుకుంది."

కండక్టరు ఆ పిల్ల మొహంకేసి చూశాడు. టికెట్లు చించి, చప్పుడు కాకుండా ఆయన చొక్కా జేబులో పెట్టి వెళ్ళిపోయాడు.

మంగళగిరిలో బస్సు ఆగింది, జనం దిగారు, మళ్ళీ కదిలింది. కిటికీలోంచి కొండ కనిపించింది. స్వామి కొండ కనబడితే రెండు చేతులూ జోడించడం పానకాలుకు పుట్టినప్పటినుంచీ అలవాటు. కుడిచెయ్యి ఎత్తితే భుజం కదులుతుంది. భుజం కదిలితే అమ్మడు లేస్తుంది.

ఎడంచెయ్యి ఒక్కటే ఎత్తి గుండెల మీద పెట్టుకుని, సగం దణ్ణం పెట్టాడు. సగం పుచ్చుకుని చాలనడం ఆ స్వామికి కొత్తేమీ కాదు.